మోరా పళ్లూ, నా అడవి కోటూ

పూలా పట్టణ ఆసుపత్రి, మంగళవారం

ఫూమా,

బాగానే ఉన్నాను, కంగారుపడకు. గుండె ఆపరేషన్ రేపు పొద్దున్నే. నువ్వేమో ఫోనెత్తవు, నాకేమో ఈ మంచం మీద కాలు నిలవడం లేదు.

నిన్న పక్కింటి బెపో నన్ను చూడ్డానికొచ్చి, "పళ్లు తోమబోతే మీ కుక్క మోరా మీ ఆవిడ మీద గుర్రుమంటోందయ్యా" అన్నాడు. ఇవాళ నర్సు నా కట్టుడు పళ్లు తియ్యబోతే నేనూ గుర్రుమన్నాను. "కరుస్తావా ఏంటి తాతా?" అని నవ్వింది. కొత్త చెయ్యి నోట్లోకొస్తే ఎవరికైనా భయమే.

అందుకని మోరాకి ఇప్పుడే బ్రష్షు వద్దు. వేలికి తడిగుడ్డ చుట్టుకుని, పెదవి పక్కనుంచి ఎత్తి, వెనక పళ్లు నెమ్మదిగా రుద్దు. చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి, ఒక్కరోజు కూడా మానకు. మన పేస్టు పెట్టావో ఊరుకోను! మింగితే దానికి ప్రమాదం. పైగా ఆ పుదీనా ఘాటుకి అడవిలో మట్టికిందుండే ట్రఫుల్ పుట్టగొడుగుల వాసనేం పడుతుంది?

బెపో కట్టెలు కొట్టిచ్చాడా? వాడికి నా నమస్కారాలు. నువ్వు వేళకి తిను.

తోమేటప్పుడు తలుపు వెనకున్న నా అడవి కోటు వేసుకో. నేనే అనుకుని నోరు తెరుస్తుంది. కంపు కొడుతోందంటావని తెలుసు. రేపు ఏం జరిగినా సరే, ఆ కోటు మాత్రం ఉతకకు.

నీ జ్వానే