పేరు తర్వాత చెబుతామన్న ఆటగాడు

స్పిల్‌మన్, అయోవా
మంగళవారం, జూలై 8, 1958

ఈ రోజు పనులు: ఇస్త్రీ చేసిన చొక్కాలు పదకొండు. ఊరవేసిన దోసకాయలు ఆరు సీసాలు. చిరుగులు కుట్టిన మేజోళ్ళు నాలుగు జతలు. అందులో మూడు జతలు ఇప్పుడు మా ఇంట్లో లేని మనిషివి. ఈ ఉత్తరం ఆ మనిషి గురించే.

బీవర్స్ బేస్‌బాల్ జట్టు మేనేజర్ ఓర్విల్ ట్రాస్క్ గారికి నమస్కారాలు.

హోటలు ఖర్చు భరించలేక మీరు ఆటగాళ్ళను ఊళ్ళో ఇళ్ళకు పంచుతారు. మా వంతుకు మూడేళ్ళుగా బంతి పట్టే మీ క్యాచర్ డెల్ ఫ్రాన్ వస్తున్నాడు. వయసు ముప్ఫై ఎనిమిది. మెట్లెక్కితే ముందు మోకాళ్ళు వినిపిస్తాయి, తర్వాత మనిషి కనిపిస్తాడు.

శనివారం సాయంత్రం వసారాలో అతను మా ఆడపడుచు వ్లాస్తాతో, "రేపు ఆట అయ్యాక నిన్నొకటి అడగాలి" అన్నాడు. వ్లాస్తాకు నలభై ఒకటి, గ్రంథాలయంలో ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా ఆమెను "ఈ పుస్తకం ఉందా" అని తప్ప ఎవరూ ఏమీ అడిగిన పాపాన పోలేదు. రాత్రికి రాత్రి నీలం గౌను మడతలు విప్పి పొడుగు చేసుకుంది. తెల్లారేసరికి మీరు డెల్‌ను ఫోర్ట్ హార్లన్ జట్టుకిచ్చి బస్సెక్కించారు. ఇప్పుడు ఆమె రోజూ ఆ గౌనే వేసుకుని, ఏమీ జరగనట్టు గిన్నెలు తోముతోంది. నాకది చూడబుద్ధి కావడం లేదు.

అతన్ని వెనక్కి తెప్పించండి. అడగవలసింది అడిగాక మీ ఇష్టం వచ్చిన చోటికి పంపుకోండి.

ఇట్లు,
లుద్మిలా వోత్రుబా

తా.క. "ఆట సంగతి ఆఫీసు చూసుకుంటుంది, నువ్వూరుకోవే" అన్నారు మా ఆయన ఎమిల్. రెండు పక్షాల మాటా మీకు తెలియాలని ఆయన మాట కూడా రాశాను.

*

జూలై 10

గౌరవనీయులైన వోత్రుబా గారికి,

మీ బాధ అర్థమైంది. అద్దెకుండే మనిషి పోతే గది బోసిపోతుంది.

కానీ మా జట్టు ఎనిమిదింటిలో ఎనిమిదోది. తొమ్మిది జట్లుంటే తొమ్మిదోది అయ్యేది. ముసలివాళ్ళను ఇచ్చి కుర్రాళ్ళను తెచ్చుకుంటే తప్ప రెండేళ్ళకైనా తల ఎత్తలేం. డెల్‌కు బదులుగా ముగ్గురొస్తున్నారు. లోనీ, వర్జిల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు, ఇంకా పేరు తర్వాత చెబుతామన్న ఆటగాడు ఒకడు. అలా ఒప్పుకోవడం మా ఆటలో ఆనవాయితీ. ఎవరినివ్వాలో వెంటనే తేలకపోతే ఆ పేరు ఖాళీగా వదిలి సంతకాలు చేస్తాం. ఫోర్ట్ హార్లన్ వాళ్ళు నెలాఖరులోగా ఆ ఖాళీ నింపి పంపాలి.

మీ గది బోసిపోకుండా ముగ్గురినీ మీ ఇంటికే కేటాయించాను. సంతోషమే కదా.

భవదీయుడు,
ఓర్విల్ ట్రాస్క్

తా.క. లోనీ బంతి విసిరేవాడు. వేగం ఉంది, దిశ ఇంకా రావాలి. కిటికీలు మూసి ఉంచండి.

*

జూలై 14

ట్రాస్క్ గారికి నమస్కారాలు.

కుర్రాళ్ళిద్దరూ వచ్చారు. కిటికీలు మూసే ఉంచాను. లోనీ బంగాళాదుంపతో సాధన చేసి, మూసి ఉన్న కిటికీనే కొట్టాడు. "గురి ఎక్కడ పెట్టావు బాబూ?" అంటే "కొట్టం తలుపుకండీ" అన్నాడు. కొట్టం వాడి వెనకుంది. వర్జిల్ మంచివాడు. ప్లమ్ పండు గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెలు పొయ్యి మీంచి దిగకముందే తింటాడు.

వ్లాస్తాకు మీ బేరం చెబితే నవ్వలేదు. "వీళ్ళను చూస్తే నాకు ఒకటే అడగాలనిపిస్తుంది వదినా, హోంవర్కు అయిందా అని" అంది.

మూడోవాడికి పక్క వేసి ఉంచాను. ప్రతి దిండు గలీబు మీదా పేరు కుట్టడం మా ఇంటి పద్ధతి. వాడిది ఇంకా తెల్లగానే ఉంది.

మనుషులను మార్చుకోవడం మీ జట్ల మధ్య మామూలే అని మీరే అన్నారు కనుక నేనూ ఒక బేరం పెట్టాను. ఫోర్ట్ హార్లన్‌లో డెల్ దిగిన ఇంటి యజమానురాలు శ్రీమతి యోస్ట్‌కు రాశాను: ఇద్దరు కుర్రాళ్ళు, ఆరు సీసాల దోసకాయలు ఇస్తాం, డెల్‌ను పంపండి అని.

ఇట్లు,
లుద్మిలా వోత్రుబా

తా.క. కాగితం వృథా చేయడం నాకు చేతకాదు. మీ ఉత్తరం వెనకవైపు ఖాళీగా ఉంటే శ్రీమతి యోస్ట్‌కు దాని మీదే రాశాను.

*

జూలై 17

వోత్రుబా గారికి,

అమ్మా, ఆ కాగితం మా జట్టు ముద్ర ఉన్న కాగితం. దాని మీద నా సంతకం ఉంది. శ్రీమతి యోస్ట్ దాన్ని తిన్నగా తమ జట్టు మేనేజర్ హబర్ట్ కేన్ చేతిలో పెట్టింది. నేను టిఫిను తింటుండగా ఆయన ఫోను.

"ట్రాస్క్, ఏమయ్యా, మా కుర్రాళ్ళను మాకే అమ్ముతున్నావా?"

"అది నేను రాయలేదు."

"సంతకం నీదేగా. సరేలే, దోసకాయల్లో సోంపాకు వేస్తారా?"

ఆ మాట పత్రికవాళ్ళ దాకా పోయింది. "బీవర్స్ పచ్చళ్ళతో బేరాలు" అని వేశారు. నిన్న లోనీ బంతి ప్రేక్షకుల్లోకి పోయినప్పుడల్లా "ఒక సీసా తగ్గించండయ్యా" అని అరిచారు.

కుర్రాళ్ళను ఇవ్వను. నా రేపటి జట్టు వాళ్ళే. దయచేసి ఇక ఎవరికీ ఏమీ రాయకండి.

భవదీయుడు,
ఓర్విల్ ట్రాస్క్

తా.క. నిన్న జనం మామూలుకు రెండింతలు వచ్చారు. ఈ సంగతి పత్రికకు రాయకండి.

తా.క. ఈ కాగితం వెనకవైపు కావాలనే గీతలు గీసి పంపుతున్నాను.

*

జూలై 19

ట్రాస్క్ గారికి నమస్కారాలు.

గీతలు గీసినందుకు కృతజ్ఞతలు. వర్జిల్ కొత్త చొక్కాకు నమూనా గీయడానికి పనికొచ్చాయి.

శ్రీమతి యోస్ట్ నుంచి జవాబొచ్చింది. డెల్ అక్కడికి వచ్చిన రోజు నుంచి ఒక్క బంతినీ కొట్టలేదట. భోజనం దగ్గర కూర్చుని ఉప్పుడబ్బాను తిప్పుతూ ఉంటాడట. "నాకైతే పాపం దూడ తప్పిపోయిన ఆవులా కనిపిస్తాడమ్మా" అని రాసింది.

కుర్రాళ్ళను ఇవ్వనన్నారు, సరే. నా బేరం వెనక్కి తీసుకున్నాను. ఒక్క సంగతి అడుగుతాను, కోపగించుకోకండి. వాళ్ళు మీకు ఇంకొక మనిషిని ఇవ్వాలి. వాడి పేరు ఖాళీగా ఉంది. పనికొచ్చేవాణ్ణి ఇవ్వడం కేన్ గారికి ఇష్టం ఉండదు, ఎవరికుంటుంది? ఆయన దగ్గరిప్పుడు బంతి కొట్టని క్యాచర్ ఒకడున్నాడు. ఆ ఖాళీలో డెల్ పేరే రాయమనండి.

ఇట్లు,
లుద్మిలా వోత్రుబా

తా.క. ఎమిల్ ఇది చదివి కవరు మీద స్టాంపు తనే అంటించారు. ఈసారి "ఊరుకోవే" అనలేదు.

*

జూలై 22

వోత్రుబా గారికి,

మీ ఉత్తరం చదివి నవ్వాను. భోజనం చేస్తూ మళ్ళీ నవ్వాను. నా భార్య అడిగితే చెప్పాను. ఆమె నవ్వలేదు, "మరి ఫోను చేయవేం?" అంది.

చేశాను. ఒక మనిషిని వాడికే బదులుగా ఇవ్వచ్చా అంటే, కేన్ "బస్సు టికెట్టు నేనే కొంటా" అన్నాడు. లీగ్ కార్యదర్శి నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. ఇలాంటి పని చేసేవాడు ఒకడుంటాడని రాసినవాళ్ళకు తోచలేదట, కాబట్టి అడ్డులేదన్నాడు.

డెల్ గురువారం ఉదయం బస్సులో బయల్దేరుతున్నాడు. డెల్‌కు బదులుగా డెల్ వస్తున్నాడు, ఇద్దరు కుర్రాళ్ళు అదనం. నా జీవితంలో ఇంత మంచి బేరం చేయలేదు. చేసింది నేను కాదన్న మాట మన మధ్యే ఉండనీయండి.

భవదీయుడు,
ఓర్విల్ ట్రాస్క్

తా.క. దిండు గలీబు కుట్టుకోవచ్చు.

*

శుక్రవారం, జూలై 25

ట్రాస్క్ గారికి నమస్కారాలు.

నిన్న మీ బస్సులోంచి డెల్ దిగలేదని మీరు మూడుసార్లు ఫోను చేశారట. ఆ సమయానికి నేను ఇంట్లో లేను. జరిగింది చెబుతాను.

ఆశపెట్టడం ఎందుకని వ్లాస్తాకు నేను ఏమీ చెప్పలేదు. తప్పు నాదే. గురువారం పొద్దున చూస్తే వంటగది బల్ల మీద చీటీ: "వదినా, ఎదురుచూసి విసుగొచ్చింది. అతనేం అడగాలనుకున్నాడో నేనే వెళ్ళి అడుగుతా." డెల్ ఇటు వస్తుంటే ఈమె అటు ఎక్కింది.

రెండు బస్సులూ డ్రేపర్ క్రాసింగ్‌లో ఒకే టిఫిను కొట్టు ముందు ఆగుతాయి. వ్లాస్తా లోపలికి వెళ్ళేసరికి డెల్ కాఫీ తాగుతున్నాడు. తర్వాత జరిగింది కొట్టు యజమానురాలు నాకు, ఎమిల్‌కు నటించి మరీ చూపింది.

"ఆ రోజు ఏదో అడగాలన్నావు," అంది వ్లాస్తా.

"ఆఁ. మీ గ్రంథాలయంలో తీసుకున్న తేనెటీగల పెంపకం పుస్తకం బస్సులో పోగొట్టుకున్నాను. ఎవరికీ తెలియకుండా సర్దగలవా అని."

"అంతేనా?"

"అంతే."

"ఇందుకా నేను రాత్రంతా కూర్చుని గౌను పొడుగు చేసుకున్నది?"

డెల్ ఉప్పుడబ్బా అందుకుని తిప్పసాగాడు. "అయితే నేనడుగుతా. నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అంది. డెల్ డబ్బా వదిలి, కుర్చీలో ముందుకు వంగి, రెండు మోకాళ్ళ మధ్య చెయ్యి కిందికి దించి ఒక వేలు చూపించాడట. క్యాచర్ అలా వేలు చూపితే విసిరేవాడికి అర్థం ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆలోచించకు, వేగంగా నా చేతికి విసిరెయ్ అని; అంటే సరేనన్నమాట.

ఇద్దరూ కబుర్లలో పడి రెండు బస్సులూ వదిలేశారు. కొట్టులోంచి ఫోను వస్తే మేము ట్రక్కులో వెళ్ళి తెచ్చుకున్నాం. శనివారం ఆటకు డెల్ వస్తాడు. లోనీకి గురి నేర్పుతానన్నాడు. పెళ్ళి సెప్టెంబరులో, ఆటలన్నీ అయ్యాక. ఈలోగా దయచేసి ఇద్దరిలో ఎవరినీ ఎవరికీ ఇవ్వకండి.

ఇట్లు,
లుద్మిలా వోత్రుబా

తా.క. డ్రేపర్ క్రాసింగ్ కొట్టులో చెర్రీ పై రెండు ముక్కలు, కాఫీలు తొమ్మిది. ఎమిల్ అక్కడికక్కడే చెల్లించారు. బాకీ లేదు.