పొగ రాని బండి

డిసెంబర్ 8, ఉదయం

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. ముప్పావు గంట. మంచులో పికప్ బానెట్ కూడా సరిగా కనిపించలేదు. తెల్లటి గదిలో ఎవరో దగ్గుతున్నట్టుంది. చివరికి ఎందుకో అందుకుంది. ఊరివాళ్ల కూరగాయలు ఉట్నూర్ మార్కెట్‌కు ఆలస్యంగా చేరాయి.

మస్కట్‌లో ఉన్న మా ఆయన కొండల్‌కు ఫోన్ చేశాను. అక్కడ గ్యారేజీలో మెకానిక్. బండి ఆయనదే. రెండేళ్లుగా నడిపేది నేను. ఇరవై ఒకటిన కొనేవాళ్లు వస్తారు, అప్పటికల్లా బాగుచేయమన్నాడు. అమ్మే సంగతి నాకు తెలియడం ఇదే మొదలు.

డిసెంబర్ 9

సెల్ఫ్ చప్పుడు రికార్డ్ చేసి పంపాను. బ్యాటరీ మంచిగానే ఉందన్నాడు. సైలెన్సర్ నుంచి పొగ వస్తోందా అని అడిగాడు. రావడం లేదు. అయితే డీజిల్ ఇంజన్ దాకా చేరడం లేదన్నాడు. ఫిల్టర్ మార్చాను. డీజిల్ ఎక్కించే చేతిపంపు కొట్టి కొట్టి సెల్ఫ్ ఇస్తే అందుకుంది. రోజంతా ఏ పేచీ లేదు.

డిసెంబర్ 10

తెల్లారితే మళ్లీ అదే.

డిసెంబర్ 12

కలలోనూ తాళం తిప్పుతున్నాను. అడవి స్టార్ట్ అయింది. టేకు చెట్లన్నీ ఒకసారి వణికి, మెల్లగా కదిలి, లైన్‌గా ఉట్నూర్ వైపు వెళ్లాయి. నేను సీట్లోనే ఉన్నాను.

డిసెంబర్ 14

నిన్న వాకిట్లో పత్తి పోసి ఉందని బండిని బడి దగ్గర దిగుడులో, ముందుభాగం కిందికి ఉండేలా పెట్టాను. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేచింది. చలి అంతే ఉంది. కొండల్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"పైపుల ఎక్కడనో గాలి గుంజుతుంది జమునా. నిలవెడితే డీజిల్ ఎనుకకు పోతుంది. దిగుట్ల పెట్టినవ్, గందుకే పోలే."

చాలా బండ్లు చూశాను గానీ ఇది నాకు తట్టలేదన్నాడు.

డిసెంబర్ 15

ఫిల్టర్ ముందు పారదర్శక పైపు బిగించి చూశాను. డీజిల్‌లో బుడగలు. ఒకదాని వెనక ఒకటి. పని మరిచి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ట్యాంకు దగ్గర రబ్బరు పైపు వెంట్రుకంత పగిలి ఉంది. కొత్తది వేశాను. బుడగలు ఆగిపోయాయి.

బండి బాగైంది. ఇక అమ్మొచ్చు.

డిసెంబర్ 18, మధ్యాహ్నం, ఉట్నూర్ ఆసుపత్రి బయట

తెల్లవారుతుండగా పక్కింటి గంగుబాయికి నొప్పులు. మొదటి కాన్పు. అంబులెన్స్‌ను పిలుద్దామంటే ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఆమెను ఎక్కించుకుని తాళం తిప్పాను. ఒక్క సెల్ఫ్.

ఇరవై ఆరు కిలోమీటర్లు. రోడ్డు కనిపించలేదు, చెట్ల అంచు పట్టుకుని నడిపాను. గంగుబాయి అరవలేదు. నా మోచేయి పట్టుకుని ఇంకెంత దూరం అని అడిగేది. ఆ మలుపే అనేదాన్ని. ఎన్ని మలుపులో.

ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. నర్సు బయటికి వచ్చి ఇంజన్ ఆపమంది. గంటసేపటి నుంచి నడుస్తూనే ఉందట. ఆపడానికి భయపడుతున్నానని అప్పుడు తెలిసింది. ఆపాను.

అక్కడి నుంచే కొండల్‌కు ఫోన్ చేసి కాన్పు సంగతి చెప్పాను. "బండి నేను అమ్మను" అన్నాను. వాళ్లకు మాట ఇచ్చానన్నాడు. ఇవ్వకముందు నన్ను అడగాల్సింది అన్నాను. తర్వాత, దారిలో ఎక్కడైనా ఇంజన్ జర్క్ ఇచ్చిందా అని అడిగాడు. లేదన్నాను.

"మంచిది. నడుపుకో."

డిసెంబర్ 21

కొనేవాళ్లు వచ్చి, ఖాళీ వాకిలి చూసి వెళ్లారట. అప్పటికి నేను, గంగుబాయి, మూడు రోజుల పాప ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ మంచులో ఎక్కడో ఉన్నాం. పాప లేస్తుందని రెండో గేరులోనే వచ్చాను.