పదో పొత్తు

బావా,

నువ్వు పోయి నెలన్నర. దువ్వాడ దగ్గరి మన ప్రయోగాల చేను ఉక్కు ఫ్యాక్టరీకి పోయాక, పద్మనాభం ఊరికి తెచ్చి నువ్వు కాపాడిన తెల్ల మొక్కజొన్న ఈరోజు కోతకొచ్చింది. దాచిన విత్తనమంతా పుచ్చిపోయింది. ఇక మిగిలింది ఈ ఒక్క వరసే.

నీకు చెప్పని మాటొకటుంది. నిన్ను కాటికి తీసుకెళ్లిన రోజే పొత్తులకు పీచు వచ్చింది. పరాయి పుప్పొడి పడకుండా వాటికి తొడగాల్సిన కాగితం సంచులు నేను సాయంత్రం దాకా తొడగలేదు. పొద్దంతా పక్కచేలోని పసుపు మొక్కజొన్న పుప్పొడి గాలికి ఎగురుతూనే ఉంది. తెల్ల పొత్తులో ఒక్క పసుపు గింజ కనిపించినా రకం చెడినట్టేనని నువ్వే నేర్పావు.

పొద్దున్నుంచి తొమ్మిది ఒలిచాను. అన్నీ తెల్లగానే ఉన్నాయి. అయినా ఒక్కోదాన్ని రెండేసి సార్లు తిప్పి చూశాను.

"నాను ఒలిసేత్తాను, నువ్వు కూకో బాబూ," అని పదోది అప్పాయమ్మ తీసుకుంది. మొదటినుంచీ నీ దగ్గర కూలికి వచ్చిన మనిషి, ఏం వెతుకుతున్నామో ఆమెకీ తెలుసు. తొక్క లాగి చూసింది. చప్పున కొంగు కప్పేసింది.

"ఏటప్పాయమ్మా?"

"ఏటీ నేదు బాబూ."

గట్టు మీద కూర్చుని నీకిది రాస్తున్నాను. కొంగు తియ్యమని ఇంకా అడగలేదు.