పేపర్లో వాన

తనకల్లు
14-7-1983

తమ్ముడు రామదాసుకు అక్క దీవెనలు. కంగారు పడొద్దు, మీ బావ కళ్లు బాగానే ఉన్నాయి, విరిగింది కళ్లద్దాలే. వాటిని బాగుచేయించమని నీకు బస్సులో పంపినప్పటి నుంచి, టీ హోటలు అరుగు మీద అందరికీ పేపరు చదివి వినిపించే పని నా మీద పడింది. నా ఏడో తరగతి ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

మొదటి రోజే గొడవ. 'రాయలసీమలో పొడి వాతావరణం' అని ఉన్నది ఉన్నట్టు చదివితే, పక్క చేను తిప్పేస్వామి లేచి, "ఏమప్పా శ్రీరంగప్పా, నిన్నటిదాకా నువ్వు సదివితే పేపర్లో దినామూ వాన ఉండె గదా, ఈ పొద్దు యాడికి పోయె?" అని మీ బావను నిలదీశాడు. ఆయన తల గోక్కుంటూ, "మీ మొగాలు సూడలేక నేనే కురిపిస్తాంటి లేప్పా" అన్నాడు. రెండేళ్లుగా అదే పనట! అరుగంతా పడీ పడీ నవ్వింది.

నాలుగు రోజులు నేను ఎండ అనే చదివాను. నిన్న సాయంత్రం కుండపోతగా కురిసింది. ఈ రోజు ఊరంతా శనక్కాయ విత్తుతోంది.

మరదలు భద్రమ్మకు దగ్గు తగ్గిందా? మీరు చదివేసిన వారపత్రికలు పొట్లాలకు వేయకుండా మాకు పంపు. అరుగు దగ్గరికి ఇప్పుడు ఆడవాళ్లూ వస్తున్నారు, సీరియల్ చదవమంటున్నారు.

కళ్లద్దాలకు మాత్రం తొందర లేదు. ఆయన వాన అని చదివితే ఎండింది, నేను ఎండ అని చదివితే కురిసింది కాబట్టి, ఇకమీదట పేపరు నేనే చదవాలని అందరూ చేతులెత్తారు. ముందు ఎత్తింది మీ బావే.

మీ అక్క
లక్ష్మీనరసమ్మ