జున్నుపాల చెంబు

బుధవారం, పడుకునే ముందు

"నాకింక ఏ కొరతా లేదు, తృప్తిగా ఉన్నాను" అని నిన్న ఇదే పుస్తకంలో రాశాను. తప్పు. ఎర్ర సిరాతో కొట్టేస్తున్నాను. పింఛను, ఎనభై దాటినా తిరుగుతున్న కాళ్ళు, పంతులమ్మగా సంపాదించిన పేరు చూసుకుని రాసిన మాట అది.

సాయంత్రం మేకల ఓబులమ్మ చెంబుతో జున్నుపాలు తెచ్చింది. వీధిలో అందరి దరఖాస్తులూ నేనే రాస్తాను కదా, వెంటనే కాగితం, పెన్ను తీసి, "ఏందే, ఈసారి లంచం ముందే తెచ్చినావు! ఏం రాయాల?" అన్నాను.

"రాసేదేంది అవ్వా! మేక ఈనింది. వీధిలో అందరికీ పోసినాకనే మేం తినేది," అని నవ్వి, చెంబు అక్కడే పెట్టి పోయింది. నా మాటకు ఆమె కోపం తెచ్చుకుని ఉన్నా నాకింత సిగ్గేసేది కాదు.

జున్ను వండాను గానీ ఒక్కదాన్నే తినబుద్ధి కాలేదు. ఏ పనీ లేకుండా, ఊరికే ఇచ్చి రావడానికి నేనెవరి గడప ఎక్కాను? ఎంత ఆలోచించినా ఒక్క ఇల్లూ గుర్తుకు రాలేదు. ఆ నవ్వులో ఉన్న తృప్తి నా దగ్గర లేదు.

రేపు పొద్దున్నే చెంబు ఇచ్చి రావాలి. ఉత్తది ఇవ్వకూడదు, బెల్లం వేయాలి. ఏం పని మీద వచ్చినావని అడిగితే ఊరికే వచ్చినాననాలి. పెన్ను ఇంట్లోనే పెట్టి పోవాలి.