నల్ల ఒళ్ళు, తెల్ల ముఖం

ప్రియమైన లెయాండ్రోకు,

నీ ఎల్విరా రాయునది. ఇక్కడ ఇంటిల్లిపాదీ, మందతో సహా, క్షేమం. ఆ దక్షిణపు కొసన నువ్వూ, నువ్వు కాపలా కాసే దీపస్తంభమూ గాలికి ఎగిరిపోకుండా నిలబడి ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం ఓడ దిగి, రైలెక్కి, చివరికి పాలబండిలో మన గుమ్మం చేరింది. అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. అత్తయ్య మోకాలు నయమైంది; నిన్న కోడిపుంజును కంచెదాకా తరిమింది. గాలిమర రెక్క బాగుచేయించాం, తొట్టెల్లో నీళ్ళకు లోటు లేదు. నాన్న నా మాట ఎత్తుతున్నారా అని అడిగావు. దాచను, మామయ్య ఎత్తడం లేదు. కానీ దక్షిణాన తుఫాను అని రేడియో చెబితే మాత్రం మాతే తేనీరు పీలుస్తున్నవారు మధ్యలోనే ఆగిపోతారు. రెండు శీతాకాలాల నుంచీ అంతే.

మూడు తరాలుగా ఎర్ర ఒంటి, తెల్లముఖపు హెర్‌ఫర్డ్ పశువులు తప్ప మరో జాతి అడుగుపెట్టని మందలోకి నువ్వు పొరుగు డంకన్ గారి నల్ల ఆంగస్ ఆబోతును వదిలావు. దానికి మామయ్య అన్న మాటలూ, నువ్వు గుమ్మం దిగిన తీరూ నేను మరచిపోలేదు. అయినా ఈ ఉత్తరం ఆ గొడవ తిరగదోడడానికి కాదు. మొన్న ఆదివారం జరిగింది చెప్పాలి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తోంది.

నెల కిందట డంకన్ గారు ఎప్పటిలాగే పొరుగు గట్టు దాటి వచ్చి మామయ్యను గిల్లారు. "ఎవారిస్తో, నీ నాలుక మొద్దుబారిపోయిందయ్యా. నీకిప్పుడు చెప్పుతోలు పెట్టినా హెర్‌ఫర్డే అంటావు."

మామయ్య భగ్గుమన్నారు. "కళ్ళకు గుడ్డ కట్టు. నాలుక మీద పెట్టగానే ఏ జాతో చెప్పకపోతే ఇక బతికినన్నాళ్ళూ పశువుల గురించి నోరెత్తను!"

"మరియమ్మ తల్లీ," అంది అత్తయ్య, రెండు చేతులూ జోడించి, "ఈయన ఓడిపోవాలి!"

అలా మొదలైంది. నాలుగు పశువులు, ఒకే ఈడువి, ఒకే నేల గడ్డి తిన్నవి. నాలుగింటి పక్కటెముకల మాంసాన్నీ డంకన్ గారి చల్లటి కొట్టంలో ఒకేలా వేలాడదీసి మాగనిచ్చాం. గట్టికట్టె నిప్పులు, కల్లుప్పు, అంతే. ఆదివారం మామయ్య కళ్ళకు నా వంట గుడ్డ కట్టాను. ఏ పళ్ళెం ముందు పెట్టాలో నాకూ డంకన్ గారికీ మాత్రమే తెలుసు.

మొదటి ముక్క నోట పెట్టుకోగానే చెప్పేశారు. "ఆంగస్. కొవ్వు కండలోనే దారాల్లా అల్లుకుంది, నమిలేలోపే కరిగిపోతోంది. పళ్ళు లేనివాళ్ళ మీద జాలిపడి దేవుడు చేసిన మాంసం."

"నీకెన్ని ఉన్నాయో చూపించు మరి!" అన్నారు డంకన్ గారు.

రెండోది. దవడ కదిలినంతసేపూ మామయ్య నుదురు ముడిపడే ఉంది. "ఉత్తరాది మూపురం గొడ్డు. ఎండకు ఓర్చుకున్నదీ, దూరాలు నడిచినదీ. కొవ్వు తక్కువ, పీచు బిగువు. రుచి లేదనను, దవడతో బేరమాడి తీసుకోవాలి."

మూడోదానికి ముఖమంతా మెత్తబడింది. "ఇది నా ఇంటిది. పైన కొవ్వు అంచు, లోపల గడ్డి వాసన. తిన్నాక కూడా చాలాసేపు నోట్లో నిలిచే రుచి."

మూడూ సరిపోయాయి. డంకన్ గారు టోపీ తీసి నెత్తి గోక్కున్నారు. నేను కూడా ఒక్కో ముక్కా తిన్నాను, లెయాండ్రో. ఇన్నేళ్ళూ ఈ చేతులతో కోసి, ఉప్పద్ది, కాల్చి పెట్టాను కానీ మాంసం మాంసమే అనుకున్నాను. అదే వాన, అదే గడ్డి, అదే నిప్పు. ఒక్కో రక్తం ఆ గడ్డిని ఒక్కో రుచిగా మార్చుకుంటోంది. కళ్ళెదుట రోజూ జరిగే ఈ వింతను నేను ఒక్కసారీ తలెత్తి చూడలేదే అనిపించింది.

అప్పుడు నాలుగో పళ్ళెం పెట్టాను.

మామయ్య నమిలారు. ఆగారు. మళ్ళీ నమిలారు. "ఇంకో ముక్క," అన్నారు. అదీ తిన్నారు. "ఆంగస్ మెత్తదనం... కాదు, ఆంగస్‌కు ఇంత గాఢత ఉండదు. మన హెర్‌ఫర్డ్ రుచి... కాదు, మనది ఇలా కరగదు." చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళకు గుడ్డ ఉన్నా ముఖం నా వైపు తిప్పి, గుడిలో మాట్లాడినట్టు నెమ్మదిగా అడిగారు. "ఇదేమిటి, అమ్మాయ్? యాభై ఏళ్ళుగా తింటున్నాను. ఇది నాకు తెలియదు."

ఇప్పటిదాకా నీకు రాయని సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. నువ్వు వెళ్తూ వెళ్తూ ఆ జత దూడలను, నల్ల ఒళ్ళూ తెల్ల ముఖమూ ఉన్నవాటిని, సంతకు తోలేయమన్నావు. వాటి మొహం చూస్తే నాన్నకు నేను గుర్తొస్తాను అన్నావు. నేను తోలలేదు. అందుకే తోలలేదు. డంకన్ గారి మైదానంలో వదిలి, ఎవరికీ చెప్పనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. నీ మాట కాదన్నాను, నిజమే. క్షమించమని మాత్రం అడగను.

"మీ ఆవు బిడ్డే, మామయ్యా," అన్నాను. "తండ్రి ఆ నల్ల ఆబోతు. లెయాండ్రో పుట్టించిన జతలో ఒకటి."

గుడ్డ విప్పబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. అత్తయ్య గుప్పెట్లో శాలువా అంచు నలిగిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే డంకన్ గారు చక్కగా మండుతున్న నిప్పులనే పనిగట్టుకుని ఎగదోస్తున్నారు.

మామయ్య అడిగారు. "వాడు తిన్నాడా, దీన్ని?"

"లేదు."

"పుట్టించినవాడు తినలేదా?" అన్నారు, అదేదో ఘోరం జరిగినట్టు. తరువాత, "రెండోది ఉందా?"

"ఉంది."

మర్నాడు తెల్లవారగానే తానే గుర్రం మీద వెళ్ళి దాన్ని తోలుకొచ్చారు. పెరటి దారిన కాదు, అందరూ చూసేలా పెద్ద గేటులోంచి. ఎర్ర మంద మధ్యన నల్లగా, నీ కోడె, అదరక బెదరక నడిచింది. మామయ్య కంచెకు ఆనుకుని నిలబడ్డారు. భుజాలు, నడుము, వెన్నుపూస దగ్గర నిండుదనం, ఒక్కొక్కటీ చూస్తూ. అత్తయ్య పిలిచినా అన్నానికి రాలేదు. నేను మాతే తీసుకెళ్ళి ఇస్తే, కళ్ళు దాని మీంచి తిప్పకుండానే అన్నారు: "రెండూ మన కళ్ళ ముందే ఉన్నాయి కదమ్మా ఇన్నాళ్ళూ, ఎరుపూ నలుపూ. కలిస్తే ఇదవుతుందని నాకు తట్టనేలేదు. వాడికి తట్టింది."

తరువాత, వెళ్ళబోతున్న నన్ను ఆపి చెప్పారు. "దీని మీద కత్తి పడకూడదు. వాడు రావాలి, వాడే కోయాలి, మొదటి ముక్క వాడే తినాలి. అలాగే రాయి."

అలాగే రాశాను. ఇంకొక్క మాట కూడా అడగమన్నారు, నేనే అడుగుతున్నట్టు రాయమన్నారు కానీ ఉన్నదున్నట్టే రాస్తున్నాను: అక్కడి నుంచి ఓడ ఎప్పుడు బయలుదేరుతుంది?

ఇట్లు,
ఈ ఇంటి కోడలు, నీ ఇల్లాలు,
ఎల్విరా