రేడియోకు కనబడని చెయ్యి

తిరుపతి,
11-10-1943

అన్నకు నమస్కారం. అందరం క్షేమమని రాయాలన్నా నాకు చేతులాడటం లేదు.

పోయిన శనివారం మద్రాసు రేడియోలో నా వీణ విన్నానని, అచ్చం మన నాయన మీటినట్టే ఉందని రాశావు. కాళహస్తి ఉత్సవాల్లో నా కచేరీ ఖాయం చేయడానికి శుక్రవారం పెద్దమనుషులను వెంటబెట్టుకొని వస్తానన్నావు.

అన్నా, అది నేను వాయించింది కాదు. వేళ్లు కొయ్యబారి నేను వీణ ముట్టుకోక రెండేళ్లయింది. వాయించింది నాకు తోడుగా నువ్వు పంపిన నీ కూతురు వనజాక్షి. ఎడమచేత్తోనే మీటింది. వీణ తిప్పి పట్టుకుంటుందని తీగలు మార్చి కట్టించింది నేనే. రేడియోలో చెయ్యి కనబడదు కదా అని తెగించి, నా పేరు ఇచ్చాను. తిట్టాలంటే నన్ను తిట్టు.

శుక్రవారం వాయించేదీ అదే. నలుగురి ముందర విసురుగా లేచిపోవద్దు. ఆఖరుదాకా కూర్చో, చాలు.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. "నిజంగా నాయనే రాసినాడా అత్తా?" అని రెండుసార్లు అడిగింది. నువ్వు వస్తున్నావని చెప్పగానే, చిన్నప్పుడు నువ్వు వాత పెట్టిన ఆ ఎడమచేతిని పమిట కింద దాచుకుంది.

నీ చెల్లెలు